మాట అందించిన సువార్తమ్మ

సువార్తమ్మ ఏనాడూ స్టేజీ ఎక్కలేదు. అయినా రాజోలు చుట్టుపక్కల క్రిస్మస్ నాటకాల కబురు వస్తే ముందు ఆమె పేరే ఎత్తేవారు. గట్టుపేట నాటకంలో రాజు మాట్లాడినా, బంటు మాట్లాడినా, ఆ మాట ముందు తెర వెనక ఆమె నోట పలకవలసిందే. వేషాలు కట్టేవాళ్ళకి గొంతులిచ్చిన దేవుడు, జ్ఞాపకం మాత్రం మొత్తం తీసుకెళ్ళి ఆమెకే ఇచ్చేశాడు.

గట్టుపేట అంటే వశిష్ఠ గోదావరి గట్టు కింద ఓ పక్క కొబ్బరి తోటలు, ఓ పక్క వరిచేలు, మధ్యలో మనవాళ్ళ ఇళ్ళు. అంత చిన్న పేటకి రెండు గుళ్ళు. ఇద్దరిదీ ఒకే ప్రభువు, ఒకే బైబిలు, పాడే పాటలు కూడా అవే. తగువల్లా బాప్తిస్మం దగ్గర. పెద్దగుడి వాళ్ళు పసిబిడ్డ తలమీద నీళ్ళు చిలకరించి చాలంటారు. కొత్త సంఘం వాళ్ళు అది చెల్లదు, ఈడొచ్చాక ఏట్లో నిలువునా ముంచి తియ్యాలంటారు. నీళ్ళకి లోటు లేని కోనసీమలో నీళ్ళ కోసం కొట్టుకున్న మొనగాళ్ళు మా గట్టుపేట వాళ్ళే. విడిపోయిన రోజున బెంచీలు పంచుకున్నారు, గిన్నెలు పంచుకున్నారు, ఆఖరికి శ్మశానాలు కూడా వేరు చేసుకున్నారు.

పెద్దగుడికి సంఘపెద్ద మత్తయిగారు, సువార్తమ్మ తండ్రి. మిషను బడిలో పంతులుగా చేశారు. కీర్తనల గ్రంథం చూడకుండా అప్పజెప్పగల మనిషి. సువార్తమ్మ పుట్టిన వారానికే తల్లి పోయింది. పోయే ముందు బిడ్డని ఆవిడ ఒళ్ళో పెట్టి, మంచం పక్కనే పాస్టరుగారు నీళ్ళు చిలకరించి బాప్తిస్మం ఇచ్చారు. మత్తయిగారు మళ్ళీ పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు. శ్మశానంలో భార్య సమాధి పక్కన తనకో చోటు ఉంచుకుని, చుట్టూ ఇటుకలు పాతించి, "ఇది నాది, దీని జోలికి ఎవరూ రావద్దు" అని సంఘానికి చెప్పేశారు. ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్ళి ఆ రెండు చోట్లా గడ్డి పీకేవారు. ఒకటి భార్యది, ఒకటి తనది.

సువార్తమ్మ రాజోలు మిషను ఆసుపత్రిలో ఆయాగా చేసేది. అక్కడ నర్సమ్మగా ఉన్న ముసలి దొరసానిది స్కాట్లాండు దేశం. మధ్యాహ్నం రోగులు కునుకు తీసే వేళ ఆవిడ వరండాలో కుర్చీ వేసుకుని కథల పుస్తకాలు చదివేది. పక్కన కూచుని దూది ఉండలు చుట్టే సువార్తమ్మకి వాటిని తనకొచ్చిన తెలుగులో చెప్పేది. ఆ కథలన్నీ ఆరేడు వందల ఏళ్ళనాటివి. కొండలమీద క్లానులని ఉండేవట.

"క్లాను అంటే ఏంటండీ?" అని అడిగింది సువార్తమ్మ.

దొరసాని పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, "మీ ఇంటిపేరు వంటిది. అయితే వాళ్ళు ఇంటిపేరు కోసం కత్తి తీస్తారు" అంది.

"మా పేటలోనూ తీస్తారండీ. కత్తికి బదులు వాక్యం తీస్తారు."

దొరసాని నవ్వలేక చచ్చింది.

ఆ కథల్లో ఒకటి సువార్తమ్మ గుండెలో దిగబడిపోయింది. తాతలనాడు ఎవరో ఎవరి పశువులనో తోలుకుపోయారని రెండు క్లానుల మధ్య పగ. ఒక క్లాను దొరకొడుకు ఈవను, పగవాళ్ళ దొరని చంపడానికి బయల్దేరి, దెబ్బతిని మంచులో పడిపోతాడు. ఆ దొర కూతురు ఐలీను చూసి, ఎవరన్నది తెలిసికూడా ఒక సన్యాసి గుడిసెలో దాచి బతికిస్తుంది. శత్రువుని ప్రేమించమన్న వాక్యం అతనక్కడే వింటాడు. కత్తి పారేసి, ఒంటరిగా మంచులో నడిచివెళ్ళి పగవాడి కోటలో మోకాళ్ళూనుతాడు. దొర కత్తి ఎత్తుతాడు. ఎత్తిన చెయ్యి దించలేకపోతాడు. కత్తి జారిపోతుంది. అప్పుడంటాడు ఆ ముసలాయన, "లే నాయనా. ఇవాళ్టి నుంచీ నువ్వు మా ఇంటివాడివే" అని.

దొరసాని డెబ్భై ఒకటిలో రేవు దాటి వాళ్ళ దేశం వెళ్ళిపోయింది. కథ మాత్రం గట్టుపేటలో ఉండిపోయింది.

డెబ్భై నాలుగు క్రిస్మస్‌కి నాటకం ఏం వేద్దామని పెద్దగుడి కుర్రాళ్ళు తన్నుకుంటుంటే, సువార్తమ్మ ఈ కథ చెప్పింది. చెప్పి ఊరుకోలేదు. "ఒక క్లానుకి మనం కడదాం, రెండో క్లానుకి కొత్త సంఘం వాళ్ళని కట్టమందాం" అంది. మొదట ఛీ అన్నారు. తరవాత కుర్రాళ్ళకి ఉత్సాహం పుట్టింది. దేవుడి పేరుమీద ఒకళ్ళనొకళ్ళు తాటిమట్ట కత్తులతో బాదుకోవచ్చునంటే ఎవరికి చేదు?

స్కాట్లాండు మగాళ్ళు గళ్ళగుడ్డ మోకాళ్ళపైకి కడతారని దొరసాని చెప్పింది. అదేమన్నా వింతా, చేలో దిగే ప్రతివాడూ కట్టేది అదే. రాజోలు నుంచి గళ్ళ లుంగీలు తెచ్చి సువార్తమ్మ కుచ్చెళ్ళు పెట్టి కుట్టింది. పెద్దగుడి క్లానుకి ఎర్రగళ్ళు, కొత్త సంఘం క్లానుకి పచ్చగళ్ళు. మంచు కోసం బూరుగు దూది. ఐలీను వేషం సత్తిబాబుది. అప్పట్లో ఆడవేషాలు మగాళ్ళే కట్టేవారు. మీసం తీసెయ్యమంటే మూడు పూటలు అలిగి తీశాడు. కొండదొర మత్తయిగారు. ఈవను, కొత్త సంఘం నుంచి వచ్చిన ధనరాజు.

ధనరాజు పక్క ఊళ్ళో ఎలిమెంటరీ స్కూలు మాస్టరు. తండ్రి లేడు, తల్లి మరిడమ్మ. ఆవిడ పేరు గ్రామదేవతది. బాప్తిస్మం నాడు పేరు మార్చుకోమంటే, "పేరు మా అమ్మ పెట్టింది, అది అలాగే ఉంటది. నన్ను ముంచండి చాలు" అన్న గట్టిపిండం. కొత్త సంఘం స్త్రీలలో ఆవిడ మాటకి తిరుగులేదు.

రిహార్సళ్ళు బడి వరండాలో జరిగేవి. దుప్పటి తెర కట్టి, వెనక సువార్తమ్మ నిలబడి మాట అందించేది. ఐలీను మాటలు సత్తిబాబుకి ఒక్కటీ వచ్చేవి కావు. కాబట్టి ఈవనుతో ఐలీను చెప్పే ప్రతి ప్రేమమాటా ముందు సువార్తమ్మ గొంతులో మెల్లగా వచ్చేది, తరవాత సత్తిబాబు గొంతులో గట్టిగా వచ్చేది. ధనరాజు మొదటి దానికే జవాబు చెప్పేవాడు.

"ఒరే, నేనిక్కడుంటే నువ్వు తెరతో మాట్లాడతావేంట్రా?" అని సత్తిబాబు కేకలేశాడు. అందరూ నవ్వారు. తెర వెనక సువార్తమ్మ నవ్వలేదు. ఆమెకి చెవులు వేడెక్కిపోయాయి.

మత్తయిగారికి పాత్ర అంతా కంఠస్థం. ఒక్క చివరి మాట దగ్గరే ఆగిపోయేవారు. కత్తి చక్కగా జారవిడిచేవారు, కళ్ళనీళ్ళు తెచ్చుకునేవారు, నోరు మాత్రం పెగిలేది కాదు. తెర వెనక నుంచి "లే నాయనా" అని కూతురు అందిస్తేగాని రాదు. కీర్తనలన్నీ వచ్చిన మనిషికి ఈ ఒక్క మాట ఎందుకు రాదో ఎవరికీ అంతుపట్టలేదు. పుట్టి బుద్ధెరిగాక ఎవర్నీ క్షమించానని పైకి అన్న మనిషి కాదు, అలవాటు లేక రాలేదేమోనని నా ఉద్దేశం.

క్రిస్మస్ నాడు నాటకం చూసి రెండు గుళ్ళవాళ్ళూ కళ్ళు తుడుచుకున్నారు. మత్తయిగారు ధనరాజుని లేవనెత్తి, "ఇవాళ్టి నుంచీ నువ్వు మా ఇంటివాడివే" అని నుదుటిమీద ముద్దు పెట్టారు. మరిడమ్మ కూడా ముక్కు చీదింది. సువార్తమ్మ తెర వెనక నిలబడి, ఇంకేముంది, అంతా అయిపోయింది అనుకుంది. వెర్రిమాలోకం.

ఆ వారంలోనే ధనరాజు పిల్లనిమ్మని అడగడానికి వచ్చాడు.

"పంతులుగారండీ, సువార్తని నాకివ్వండి. మీ మాట జవదాటనండి" అన్నాడు.

మత్తయిగారు కళ్ళజోడు తీసి తుడిచి, "నాటకం నాటకమే నాయనా, వాక్యం వాక్యమే. మీ అమ్మగారు మా పిల్లని ఏట్లో ముంచితే గాని గడప తొక్కనివ్వనన్నారంట. అవునా?" అన్నారు.

"ఆయ్. అన్నారండి."

"వాళ్ళమ్మ ఒళ్ళో పోసిన నీళ్ళయ్యా అవి. ఆవిడ కళ్ళారా చూసి పోయింది. అవి చెల్లవని మీరంటే, ఆవిడ ఉత్తుత్తినే చూసిందనా? నువ్వే మా గుళ్ళోకి రా, పెళ్ళి చేస్తాను."

ధనరాజు దణ్ణం పెట్టి గడప దిగాడు. తల్లికి అతనొక్కడే. ఆవిడ్ని వదిలి ఎలా వస్తాడు?

మత్తయిగారి మాటలో మూర్ఖత్వం ఎంతో, దుఃఖం అంత. అందుకే సువార్తమ్మ తండ్రిమీద కోపం తెచ్చుకోలేకపోయింది. ఏడాదిపైన ఇలాగే గడిచింది. మధ్యలో ఇంకో క్రిస్మస్ వచ్చింది, మళ్ళీ నాటకం, మళ్ళీ కన్నీళ్ళు, మళ్ళీ మర్నాడు ఎవరి గుడి వాళ్ళది. ఇద్దరూ రేవుదగ్గర ఎదురుపడితే ఆమె అనేది, "మీరు మీ అమ్మగార్ని నొప్పించొద్దండి" అని. అతననేవాడు, "నువ్వు మీ నాన్నగార్ని నొప్పించకు సువార్తా" అని. అంత మంచివాళ్ళు కావడమే వాళ్ళ కొంప ముంచింది.

డెబ్భై ఆరు ఎండాకాలంలో అంతర్వేది వైపు కొత్త సంఘాల కూటాలు జరిగాయి. ఆదివారం పొద్దున్నే ఏట్లో బాప్తిస్మాలు. డ్యూటీ ఉందని తండ్రికి అబద్ధం చెప్పి సువార్తమ్మ తొలి బస్సెక్కింది. ధనరాజుకీ చెప్పలేదు. చెబితే వద్దంటాడు. కూటాలకి ఎలాగూ వస్తాడు, ఒడ్డున నిలబడి చూస్తాడు, అప్పుడు తెలుస్తుందిలే అనుకుంది. అమ్మ ఒళ్ళో నీళ్ళు తలుచుకుని ఏడుస్తూనే ఏట్లో దిగింది. మునిగి లేచినప్పుడు మాత్రం ఏడుపు లేదు. ఒంట్లో బరువంతా గోదావరి తీసేసుకున్నట్టయింది. కళ్ళు తుడుచుకుని ఒడ్డున మగాళ్ళ వరస వైపు చూసింది. ధనరాజు లేడు.

ఆ వేళకి ధనరాజు పెద్దగుళ్ళో, సంఘం అందరి ముందూ మోకాళ్ళమీద ఉన్నాడు. మేనత్తని చూసొస్తానని తల్లికి చెప్పి వచ్చాడు. సంఘంలో చేర్చుకోమని అడిగాడు. పాస్టరుగారు తలమీద చేతులుంచి ప్రార్థన చేశారు. మత్తయిగారు తెల్లబోయి చూస్తున్నారు. ధనరాజు లేచి ఆడవాళ్ళ వైపు చూశాడు. సువార్తమ్మ కూచునే చాపమీద ఎవరూ లేరు.

సాయంత్రం ఇద్దరూ రేవుదగ్గర కలిశారు. ఆమె జుట్టు ఏటి నీళ్ళకి అట్టకట్టి ఉంది. అతను ఆ జుట్టు చూశాడు. సంగతి ఆమె చెప్పక్కర్లేకపోయింది. అతను చెప్పాక, ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని పగలబడి నవ్వారు. నవ్వి నవ్వి ఆమె గట్టుమీద కూలబడి ఏడ్చింది.

ఇద్దరూ గోడ దూకారు, గోడ మాత్రం మధ్యలోనే ఉంది. ఏట్లో మునిగిన పిల్లకి పెద్దగుళ్ళో పెళ్ళి లేదన్నారు. సత్యాన్ని వదిలి వెనక్కి జారినవాడికి కొత్త సంఘం పిల్లనివ్వం అన్నారు వాళ్ళు. పోనీ ఎవరో ఒకరు వెనక్కి రాకూడదా అని మీకనిపిస్తుంది. పాస్టరుగారూ అదే అన్నారు. "సంఘం ముందు నిలబడి ఏట్లో చేసింది తప్పు అను, చాలు" అన్నారు.

"ఏట్లోంచి లేచినప్పుడు ప్రభువు నా పక్కనే ఉన్నట్టనిపించిందండీ. లేడని ఎలా చెప్పనండీ?" అంది సువార్తమ్మ.

ధనరాజుని మరిడమ్మ కాళ్ళు పట్టుకుని వెనక్కి రమ్మంది. "అమ్మా, నేనక్కడ దొంగ ప్రార్థన చెయ్యలేదే" అన్నాడు అతను. పెళ్ళి కోసం దాటినవాళ్ళే ఇద్దరూ. దాటాక మాత్రం అబద్ధమాడటానికి వాళ్ళకి నోరు రాలేదు. మిగతావాళ్ళంతా హాయిగా ఆడుతున్న ఊళ్ళో ఈ ఇద్దరికే ఆ పట్టింపు.

"రాజోలు వెళ్ళి రిజిస్టరు పెళ్ళి చేసుకుందాం" అన్నాడు ధనరాజు.

ఆమె ఒప్పుకునేదే. కాని మత్తయిగారు ఆ ఆదివారం నుంచీ ఒక్క మాట అనలేదు, ముద్ద ముట్టలేదు. పొద్దున్నే వెళ్ళి భార్య సమాధి దగ్గర కూచునేవారు. పలహారం పట్టుకెళితే, "మీ అమ్మకి ఏం చెప్పుకోనే నేను?" అని మాత్రం అన్నారు. కొట్టినా తిట్టినా తట్టుకునేదేమో.

"నాన్న మామూలు మనిషయ్యేదాకా ఆగుదామండీ" అంది ధనరాజుతో.

ఆగుదాం అన్న మాట ఆమెదే. ఆ ఆగడం పదేళ్ళు సాగింది. మత్తయిగారు తిండి తిన్నారు, కర్ర పట్టుకు తిరిగారు, పెళ్ళి మాట వస్తే మాత్రం మళ్ళీ శ్మశానం వైపు నడిచేవారు. ధనరాజు వేరే పెళ్ళి చేసుకోలేదు. తల్లి తెచ్చిన సంబంధాలన్నీ వెనక్కి పంపాడు. అతని పక్కన ఐలీను వేషానికి మీసం తీసిన సత్తిబాబుకి పిల్లలు పుట్టి బళ్ళో చేరారు.

"సువార్తా, చచ్చాక కూడా మనకి కుదరదు చూశావా? నేను మీ నాన్నగారి శ్మశానంలో, నువ్వు మా నాన్న శ్మశానంలో" అన్నాడు ఒకసారి నవ్వుతూ.

"అపశకునం మాటలు ఆడకండి" అని ఆమె విసుక్కుంది.

కొత్త సంఘం నాటకం మానుకుంది. పెద్దగుడి వాళ్ళే ఎర్రగళ్ళూ పచ్చగళ్ళూ కట్టుకుని ఏటా వేశారు. కొండదొర మత్తయిగారే, ఈవను ధనరాజే. కొత్త సంఘం మనిషి కాబట్టి సువార్తమ్మ పందిట్లోకి రాకూడదు. పందిరి తడిక బయట, కాలవవైపు, చలిలో నిలబడేది. ధనరాజు మోకాళ్ళమీద ఉండేవాడు. మత్తయిగారి చేతిలో కత్తి జారేది. మాట రాక ముసలాయన నోరు కదిలేది. పందిరంతా ఊపిరి బిగబట్టేది. అప్పుడు తడిక అవతల నుంచి మెల్లగా వినబడేది, "లే నాయనా." ఎవరిదా గొంతని సంఘం ఎన్నడూ అడగలేదు. విననట్టే ఊరుకునేవారు. ఆ ఒక్కటీ మా వాళ్ళు చేసిన మంచిపని.

ఎనభై ఆరు ఆగస్టులో గోదావరి వచ్చింది. లంకలు మునిగాయి, చేలు మునిగాయి, కొబ్బరి తోటల్లో పడవలు తిరిగాయి. పేటంతా గట్టుమీదికి ఎక్కింది. రెండు సంఘాలూ ఒకే టార్పాలిను పరదా కింద పడుకున్నాయి, ఒకే గంజి తాగాయి. బాప్తిస్మం మాట ఎవరూ ఎత్తలేదు. గోదావరి అందర్నీ ఒకేసారి ముంచేసింది కదా.

ధనరాజు నాటుపడవ వేసుకుని ఇళ్ళ కప్పులమీద చిక్కుకున్నవాళ్ళని తెచ్చి గట్టు చేరుస్తున్నాడు. ఒక పాకమీంచి ముసలమ్మని దింపుతుంటే తాటాకుల్లోంచి పాము కాలిమీద కరిచింది. ముసలమ్మని పడవలో కూచోబెట్టాకే ఆ సంగతి తెడ్డేసే కుర్రాడితో చెప్పాడు. గట్టుకి తెచ్చేసరికి కాలు నల్లబడింది. ఆసుపత్రిలో చేసిన మనిషి కనక సువార్తమ్మకి చేయవలసింది తెలుసు. మందు ఉండాలి, మందు రాజోల్లో ఉంది, రాజోలుకి దారి నీళ్ళకింద ఉంది. జనంలో ఒక వారగా నిలబడిపోయింది.

"ఇంకా తెర వెనకెందుకు? ఇలా వచ్చి కూచో" అన్నాడు ధనరాజు.

వెళ్ళి రెండు సంఘాల కళ్ళముందూ అతని తల ఒళ్ళో పెట్టుకుంది. ఒక పక్క మరిడమ్మ, ఒక పక్క మత్తయిగారు. ఎవరూ వద్దనలేదు. వద్దనడానికి చాలా ఆలస్యమైపోయింది. పొద్దు వాలకముందే అతను పోయాడు.

కొత్త సంఘం శ్మశానం పల్లంలో ఉంది, అక్కడ రెండు నిలువుల లోతు నీళ్ళు. పెద్దగుడి శ్మశానంలో నడిమి మెరక ఒక్కటే తేలి ఉంది. ఆ మెరకమీద ఖాళీ అంటే ఇటుకలు పాతిన చోటు ఒక్కటే. పారలు పట్టుకున్న కుర్రాళ్ళు ఆ ఇటుకల దగ్గరికి వచ్చి ఆగిపోయారు. మత్తయిగారు కర్ర పక్కన పెట్టి, వంగి, ఒక్కో ఇటుకా ఆయనే పెకలించారు.

"తవ్వండి" అన్నారు.

"నాన్నా, అది నీ చోటు..."

"నాకు ఎక్కడో అక్కడ. మీ అమ్మ పక్కన కుర్రాడుండనీ."

పడవలమీద రెండు సంఘాలవాళ్ళూ వచ్చారు. పాస్టరుగారు ప్రార్థన ముగించారు. మొదటి మన్ను పెద్దలు వెయ్యాలి. మత్తయిగారు గుప్పెట్లో మన్ను పట్టుకుని సమాధి అంచున నిలబడ్డారు. వెయ్యరు, వెనక్కి రారు. కిందికి చూస్తున్నారు. నోరు కదులుతోంది, మాట రావడం లేదు. ఆ మౌనం అందరికీ తెలిసిన మౌనమే. ఏటా పందిట్లో ఊపిరి బిగబట్టి విన్నదే. సత్తిబాబు తల తిప్పేసుకున్నాడు.

కొత్త సంఘం ఆడవాళ్ళ మధ్య, మరిడమ్మని పట్టుకుని నిలబడి ఉంది సువార్తమ్మ. గొంతు ఎక్కడినుంచి తెచ్చుకుందో.

"లే నాయనా" అంది మెల్లగా.

"లే నాయనా" అన్నారు మత్తయిగారు. మళ్ళీ ఆగిపోయారు.

"ఇవాళ్టి నుంచీ..."

"ఇవాళ్టి నుంచీ," ఆయన గుప్పెటలోంచి మన్ను రాలిపోతోంది, "నువ్వు మా ఇంటివాడివే."

నాటకంలో అయితే ఈ మాటకి ధనరాజు లేచి నిలబడేవాడు.